ఏడుపుగట్టు

శివరాత్రితో చలి శివశివా అనుకుంటూ వెళ్ళిపోయింది. కురువింద రాజ్యానికి తూర్పు అంచున, కోరతీరం మీద వసంతం అప్పుడే అడుగు పెడుతోంది. నల్లటి కొండలు ఏనుగుల మందలా సముద్రంలోకి దిగి, నీళ్ళు చల్లగా ఉన్నాయని మోకాటి లోతులోనే ఆగిపోయినట్టు నిలబడ్డాయి. వాటి పాదాల దగ్గర కెరటాలు మల్లెచెండ్లు విసిరి, మళ్ళీ తామే ఏరుకుపోతున్నాయి. చరియల్లో మోదుగలు ఆకంతా రాల్చేసి ఒంటినిండా నిప్పు రాజేసుకున్నాయి. జీడిమామిడి పూత వాసనకూ ఎండుచేపల వాసనకూ దారి పొడవునా తగువు నడుస్తోంది. ఏ పాలెం దగ్గరకు వచ్చినా ఎండుచేపలదే గెలుపు.

ఈ శోభంతా చూసే తీరిక అరిందముడికి లేదు. అతని నెత్తిన గంప ఉంది. గంప అడుగున ఎండు నెత్తళ్ళ చేపలు, వాటి కింద దాచిన కత్తి, పైన తాటాకు చాప, చాప మీద మెత్తటి పాతచీర, చీర మీద నాలుగు నెలల ఆడబిడ్డ. బిడ్డ నిద్రపోతోంది. అది నిద్రపోతున్నంతసేపూ లోకం క్షేమంగా ఉంటుంది.

అరిందముడు కురువింద యువరాజు. బిడ్డ అతని అక్క ప్రవాళవతి కూతురు. పగడాల దీవికి రాణి అయిన ఆ అక్క, బిడ్డను ఉయ్యాలలో వేసి చెవిలో పేరు చెప్పబోతున్న ముహూర్తాన, గృధ్రకేతుడనే మాంత్రికుడు గద్దనెక్కి వచ్చి ఉయ్యాలతో సహా ఎత్తుకుపోయాడు. పేరు పడని బిడ్డ ఆయుష్షును తన ఆయుష్షుకు అతుకు వేసుకోవాలని వాడి కోరిక. తల్లి నోటితో పేరు పడిందంటే ఆ బిడ్డ ఇక వాడికి పనికిరాదు. వాడి గుహలో పాముల బావిలో దిగి అరిందముడు బిడ్డను తెచ్చాడు. అది కష్టమైన పనే. కానీ బావిలోంచి పైకి వచ్చాక మొదలైన కష్టంతో పోలిస్తే దాన్ని కష్టమనకూడదు.

గృధ్రకేతుడికి ఎడమచెవి ఉండవలసిన చోట రాగిచెవి ఉంది. ఏడు కొండల అవతల ఈ బిడ్డ ఏడ్చినా అది ఆ చెవిలో గంట కొట్టినట్టు వినిపిస్తుంది. వినిపించిన వైపుకు గద్ద లేస్తుంది. కనుక అక్క దగ్గరకు చేరేదాకా బిడ్డ ఏడవకూడదు.

ఈ సంగతి బిడ్డకు తెలియదు. ఆకలేస్తే ఏడవబోతుంది. కడుపు నిండితే తేన్పు రాలేదని ఏడవబోతుంది. గుడ్డ తడిస్తే ఏడవబోతుంది, ఆరిన గుడ్డ వేస్తే తడిగుడ్డ ఏదని ఏడవబోతుంది. మామయ్య మీసం చూసి మొదటిరోజే పెదవి విరిచింది. కురువింద వంశంలో ఏడు తరాలుగా ఎవరూ తియ్యని మీసాన్ని అరిందముడు చేపల కత్తితో అక్కడికక్కడే తీసేశాడు. మగవాడు ఒంటరిగా చంటిబిడ్డతో పోతుంటే దారిలో ప్రతివాడూ ఆపి అడుగుతాడు. అదే ఆడది బిడ్డనెత్తుకుని పోతుంటే ఎవరి కళ్ళకూ కనబడదు. అందుకని మీసం పోయిన మూతికి తోడు మోకాళ్ళ పైకి బిగించిన చీర, కొప్పు, ముక్కెర కూడా చేరాయి. పాలెం నుంచి పాలేనికి ఎండుచేపలమ్మే పల్లెమనిషిగా అతను ఉత్తరాన శంఖురేవుకు నడుస్తున్నాడు. అక్కడ అక్క పంపిన ఓడ లంగరేసి ఉంది.

కాకిరేవు దాటాక దారి సన్నబడింది. ఒకపక్క కొండ, ఒకపక్క గాలి. మధ్యలో రెండు పాదాలు పట్టేంత రాతి అంచు. ఆ అంచుకు అడ్డంగా ఒక పీత కూర్చుని ఉంది. దాని డిప్ప పూరింటి కప్పంత ఉంది. డెక్కలు ఒక్కొక్కటి తెప్పంత ఉన్నాయి. కళ్ళు కాడల చివర అటూ ఇటూ తిరిగి, గంపను చూసి ఆగాయి.

అరిందముడు ఆగాడు. కత్తి నెత్తళ్ళ కింద ఉంది. దాన్ని తియ్యాలంటే చాప లేపాలి, చాప లేపాలంటే బిడ్డను లేపాలి. కత్తి లేకుండా పీతతో యుద్ధం చెయ్యవచ్చు గానీ, చప్పుడు లేకుండా చెయ్యడం ఎలాగో అతనికి తోచలేదు.

పీత రెండు డెక్కలూ పైకెత్తింది. అరిందముడు ఊపిరి బిగబట్టి, గంప కదలకుండా, దానికి సరిగ్గా ఎదురుగా ఒక అడుగు వేశాడు. పీతకు కోపం వచ్చింది. అది అతని మీదికి రావడానికి బయలుదేరింది. పీత ఎంత పెద్దదైనా పక్కకే నడుస్తుంది. ఇటుపక్క కొండ అడ్డు వచ్చింది గనుక అటుపక్కకు నడిచింది. అటుపక్క గాలి.

చాలాసేపు ఏ చప్పుడూ వినబడలేదు. తర్వాత ఎక్కడో అడుగున నీళ్ళు పగిలాయి. గంపలో బిడ్డ నిద్రలో చప్పరించి, మళ్ళీ సర్దుకుంది. అరిందముడు అంచు దాటి గుల్లలపాలెంలోకి దిగాడు.

గుల్లలపాలెం కొండ ఒడిలో గవ్వలు ఒంపినట్టు ఉంటుంది. తాటాకు గుడిసెలు, వాటి ముందు ఆరేసిన వలలు, ఇసుక మీద వెండిరేకులు పరిచినట్టు ఎండుతున్న చేపలు. వసంతంలో మొదటి కవళ్ళ చేపల గుంపు తీరానికి వచ్చిందని తెల్లవారకముందే మగవాళ్ళంతా వేటకు పోయారు. ఆడవాళ్ళు వలల చిరుగులు కడుతూ కూర్చున్నారు. అరిందముడు ఊళ్ళో అడుగు పెట్టడమూ, బిడ్డ కళ్ళు తెరిచి పెదవి విరవడమూ ఒక్కసారే జరిగాయి.

అసిరి అనే పాతికేళ్ళ మనిషి వల పక్కన పెట్టి లేచింది. ఆమె ఒడిలో అప్పటికే ఒక చంటివాడు ఉన్నాడు. వచ్చి, అరిందముడు దించిన గంపలోంచి బిడ్డను తీసుకుని, వాడిని ఒక మోకాలి మీదికి జరిపి, దీన్ని రెండో మోకాలి మీద వేసుకుని పాలు పట్టింది. కోరతీరంలో ఆకలేసిన బిడ్డ ఎవరిదని అడగరు.

బిడ్డ గుటకలు వేస్తుంటే అరిందముడు గంప పక్కకు జరిపాడు. అక్కడే ఇసుకలో కూలబడ్డాడు.

"ఏ ఊరప్పా మీది?" అంది అసిరి. ఆ తీరంలో అప్ప అంటే అక్క.

"దక్షిణ దిశ... కింద. కింది ఊరు."

"మరి మొగుడేడీ?"

"సముద్రం మీదికి పోయాడు." నోటికి వచ్చింది అన్నాడు. ఆ జవాబు తర్వాత ఆ తీరంలో మొగుడి గురించి ఇంకెవరూ తరచి అడగరని అతనికి తెలియదు. అందరూ ఒక్క క్షణం వల కట్టడం మాని, మళ్ళీ కట్టుకున్నారు.

"గుంట పేరేటి?"

"ఇంకా పెట్టలేదు."

"నాలుగు నెల్లొచ్చీసినాయి, ఇంకా పేరెట్టనేదా? మొగుడొచ్చేక పెడతావా?"

"వాళ్ళమ్మ... నేనే పెట్టాలి. మా పుట్టింట్లో. పగడాల దీవిలో."

"నీకు పాలు నేవా?"

"లేవు," అన్నాడు అరిందముడు. ఆ ఊళ్ళోకి వచ్చాక అతను చెప్పిన రెండో నిజం అది.

గుడిసెలోంచి ఒక ముసలామె బయటికి వచ్చింది. పాలెంలో మగవాళ్ళు సముద్రం మీద ఉన్నంతసేపూ ఊరు ఆమె మాట మీద నడుస్తుంది. పేరు తాతాలవ్వ. అరిందముడు లేచి నిలబడ్డాడు. ఆమె అరిందముడిని పాదాల నుంచి పైకి చూడడం మొదలుపెట్టింది. కొప్పు దాకా వచ్చేసరికి కొంతసేపు పట్టింది.

"మీయమ్మ నిన్ను తాటిసెట్టుకింద కన్నాదేటే?"

ఆడవాళ్ళు నవ్వారు. అరిందముడు తల దించుకున్నాడు. తల దించుకున్నా వాళ్ళందరికన్నా పొడుగ్గానే ఉన్నాడు.

"నవ్వకండే, బాలింతరాలు. కొయ్యలాగ ఎండిపోనాది. సొరపిట్టు ఎట్టండి."

సొరచేపను ఉడకబెట్టి ముళ్ళు తీసి, అల్లం వెల్లుల్లి వేసి పొడిపొడిగా వేయించి పెట్టారు. బాలింతకు పాలు పడాలంటే అంతకు మించింది లేదని తాతాలవ్వ ఎదురుగా కూర్చుని కొసరి కొసరి తినిపించింది. "తిను. రేపు పొద్దుటికి నీ గుంట నీకాడే తాగతాది," అంది. అరిందముడు రాజభవనంలో ఎన్నో పక్వాన్నాలు తిన్నాడు గానీ ఇంత రుచి ఎరగడు. మళ్ళీ పెట్టించుకున్నాడు. రేపు పొద్దున ఏమవుతుందోనని కొంచెం భయం మాత్రం వేసింది.

చెయ్యి కడుక్కుంటుండగా గాలి ఆగిపోయింది.

దక్షిణం నుంచి పొద్దుటి నుంచీ వీస్తున్న గాలి, ఎవరో తలుపు వేసినట్టు నిలిచిపోయింది. సముద్రం మీద తెల్లటి గోడ ఒకటి లేచింది. అది పాలపొంగులా పెరుగుతూ, తోసుకుంటూ, ముందు దూరపు రాళ్ళను, తర్వాత దగ్గరి రాళ్ళను, ఆ తర్వాత ఒడ్డునున్న తెప్పలను మింగింది. కోరతీరంలో ఈ రుతువులో మంచు ఇలాగే పగటిపూట వచ్చి పడుతుంది. రేవు బయట వరసగా నిలిచిన మొనదేలిన బండలు ఎన్ని పడవలను కోశాయో వాటికే తెలియదు.

ఎవరూ అరవలేదు. ఆడవాళ్ళు వలలు చుట్టి పక్కన పెట్టారు.

"పిల్లల్ని తియ్యండి," అంది తాతాలవ్వ.

అప్పుడు అరిందముడికి ఆ ఊరి ఆచారం తెలిసింది. మంచు దిగినప్పుడు శంఖం ఊదితే కొండలు ఆ మోతను నాలుగు వైపులకూ తిప్పికొడతాయి. దివిటీ పెడితే మంచు మింగేస్తుంది. పసిబిడ్డ ఏడుపు ఒక్కటే సూదిలా మంచులోంచి దూరి సూటిగా పోతుంది. అందుకని చంటిబిడ్డ ఉన్న ప్రతి తల్లీ రేవు పక్కనున్న ఏడుపుగట్టు అనే బండ మీదికెక్కి బిడ్డను ఏడిపిస్తుంది. తండ్రి తన బిడ్డ గొంతు పట్టుకుని పడవ నడుపుకుంటూ వస్తాడు. ఒడ్డున దిగగానే బిడ్డను అతని చేతిలో పెడతారు. అతనెత్తుకుంటే బిడ్డ ఊరుకుంటుంది. చంటిబిడ్డను పెట్టుకుని గట్టెక్కని ఆడది ఆ తీరంలో ఇంతవరకూ పుట్టలేదు.

అరిందముడు గంప నెత్తిన పెట్టుకుని, అసిరి దగ్గర నుంచి బిడ్డను తీసుకుని, చప్పుడు చెయ్యకుండా కొండవైపు నడిచాడు. తాతాలవ్వ దారికి అడ్డంగా నిలబడింది.

"గట్టు ఇటుంది."

"నా బిడ్డ ఏడవకూడదవ్వా. ఏడిస్తే ప్రమాదం."

"ఏటొస్తాది?"

అరిందముడు కాసేపు వెతుక్కుని నిజమే చెప్పాడు. "గద్ద వస్తుంది."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మా వూరికీ వత్తాయి గెద్దలు. రాయెట్టి కొడతాం," అంది ఒకామె.

"నీ మొగుడు నీళ్ళ మీదున్నాడని నువ్వే సెప్పినావు," అంది తాతాలవ్వ. "ఆడు ముణిగిపోతే నీకు బాగుంటాదేటి? నడు."

ఆ ప్రశ్నకు కోరతీరంలో ఒక్కటే జవాబు ఉంది. అరిందముడు నడిచాడు.

ఏడుపుగట్టు మీద ఎవరి పద్ధతి వారిది. ఒకామె బిడ్డ అరికాలు గిల్లింది. ఒకామె చేతిలో తాటిబెల్లం ముక్క పెట్టి నోటిదాకా పోనిచ్చి లాక్కుంది. ఒకామె బిడ్డను అత్తగారికి ఎత్తి చూపించింది. అందరికన్నా ముందు ఏడ్చింది ఆ బిడ్డే. ఇంతలో గట్టంతా ఏడుపు లేచింది. సన్నటివి, మొద్దువి, గుక్క పట్టినవి, వంకర తిరిగినవి, అన్నీ కలిసి మంచులోకి బాణాల్లా దూసుకుపోయాయి.

అరిందముడు బిడ్డను గుండెకు అదుముకుని చూశాడు. ఈ ఏడుపుల్లో ఇది ఏడ్చినా దాచుకోవచ్చా అంటే అదీ కుదరదు. రాగిచెవి లోకంలోని ఏడుపులన్నీ వదిలేసి ఈ ఒక్క ఏడుపే వింటుంది. అతను బిడ్డ మొహంలోకి చూశాడు. దారిలో ఆకు కదిలినా పెదవి విరిచిన బిడ్డ, చుట్టూ ఇంతమంది ఏడుస్తుంటే విని, బోసినోరు తెరిచి నవ్వింది. కాళ్ళు తన్నుకుంటూ నవ్వింది.

"ఇదేం గుంటే," అంది పక్కనున్న మనిషి. "రేపు దీని మొగుడయ్యేవోడు ఏ పుణ్యం సేసుకున్నాడో గానీ."

మంచులోంచి మొదటి పడవ వచ్చింది. తర్వాత రెండు కలిసి వచ్చాయి. నల్లటి మొహాలు, తెల్లటి పళ్ళు, పడవ నిండా కవళ్ళు. దిగినవాడు దిగినట్టు బిడ్డను ఎత్తుకుంటున్నాడు. ఎత్తుకున్న బిడ్డ ఊరుకుంటోంది. ఒక్కొక్క ఏడుపే గట్టు మీద నుంచి తగ్గిపోయింది. చివరికి అసిరి ఒక్కతే మిగిలింది. ఆమె మొగుడు పైడయ్య పడవ రాలేదు.

ఆమె కొడుకు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. నోరు తెరుస్తున్నాడు, గాలి వస్తోంది, ఏడుపు రావడం లేదు. మిగతా ఆడవాళ్ళు ఊళ్ళో అటక మీద పడుకున్న పెద్ద పిల్లల్ని లేపి తెచ్చారు. వాళ్ళు ఏడవమంటే ఎందుకని అడిగారు. మంచులో బండల దగ్గర కెరటాలు విరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పటికి అరిందముడి బిడ్డకు మళ్ళీ ఆకలేసింది. అది పెదవి విరుస్తుంటే అసిరి చెయ్యి చాచి తీసుకుని పాలకు వేసుకుంది. పాలిస్తూనే, సముద్రం వైపు చూస్తూనే, కూరలో ఉప్పు అడిగినట్టు అడిగింది.

"అప్పా, నీ గుంటని ఓపాలి ఏడిపించవా? ఎవులి ఏడుపైనా గట్టు ఇక్కడుందని తెలుత్తాది గదా."

అరిందముడు ఆలోచించింది చాలా కొద్దిసేపు. ఒకపక్క అక్క, ఆమె కడుపుకోత, ఇంతదూరం తెచ్చిన బిడ్డ. ఇంకొకపక్క అతనెన్నడూ మొహం చూడని ఒక జాలరి. ఆ జాలరి కొడుకుకు దక్కవలసిన పాలు ఇప్పుడు ఎవరి నోట్లో ఉన్నాయో కళ్ళెదురుగానే కనబడుతోంది.

అతను చెయ్యి చాచి, గుటక మధ్యలో, బిడ్డను రొమ్ము నుంచి లాగేశాడు.

బిడ్డ ముందు నమ్మలేదు. మామయ్య వంక చూసింది. తర్వాత మొహం ఎర్రబడింది, పిడికిళ్ళు బిగిశాయి, ఊపిరి లోపలికి పోయింది, పోయి చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత వచ్చింది. అటువంటి ఏడుపు ఆ గట్టు మీద తాతలనాటి నుంచి ఎవరూ వినలేదు. బండల మీది కొంగలు లేచిపోయాయి. కొండ మీది మోదుగ ఒక్కసారి పువ్వులన్నీ రాల్చేసింది. ఊళ్ళో చేపలు ఎత్తుకుపోతున్న పిల్లి, చేపను వదిలి తన పిల్లల దగ్గరకు పరుగెత్తింది.

కొంతసేపటికి తెడ్డు చప్పుడు వినబడింది. పైడయ్య పడవ బండల సందులోంచి సూటిగా వచ్చి ఇసుకకు తగిలింది.

"ఎవుల గుంటది?" అన్నాడు దిగుతూనే. "పెదబండకి ఓ బారలో ఉన్నాను. సెవులు సిల్లులడిపోనాయి." అని తన కొడుకును ఎత్తుకున్నాడు. అసిరి అతని భుజం మీది నాచు ముక్క తీసి పారేసింది.

అరిందముడు బిడ్డను మళ్ళీ ఆమెకు ఇచ్చాడు. బిడ్డ పాలు వద్దంది. ఎత్తుకుంటే వద్దంది. ఊపితే వద్దంది. ఒకసారి మోసపోయింది గనుక ఇప్పుడు ఏడవడమే పనిగా పెట్టుకుంది. అరిందముడు దాన్ని భుజాన వేసుకుని గట్టు దిగి కొండదారి వైపు తిరిగాడు. అప్పుడే వెనక నుంచి ఎవరో అన్నారు.

"అప్పా, ఆగు. నీ మొగుడొచ్చినాడు."

మంచులోంచి ఒక తెప్ప వచ్చింది. దాని మీద బుర్రంతా తడిసి, గడ్డం మెడకు అంటుకుపోయి, ఒంటికి గద్ద ఈకలు అక్కడక్కడా అతుక్కుని, ఒక మనిషి చతికిలబడి ఉన్నాడు. చేతులతోనే నీళ్ళు తోసుకుంటున్నాడు. తలపాగా ఎడమ చెవి మీదికి జారి ఉంది. దాని అంచు కింద రాగి మెరిసింది.

జరిగింది ఏమిటో అరిందముడు తర్వాత తెలుసుకున్నాడు. ఏడుపు వినగానే గృధ్రకేతుడు గద్దనెక్కాడు. గద్దకు ఎంత చూపు ఉన్నా మంచులో చూడలేదు. అది కొండను కొండ అనుకోక నేరుగా వెళ్ళి గుద్దుకుంది. మాంత్రికుడు సముద్రంలో పడి, కొట్టుకుపోతున్న తెప్ప ఒకటి దొరికితే ఎక్కి, దారి తెలియక, అందరు జాలరులలాగే బిడ్డ ఏడుపు పట్టుకుని ఒడ్డుకు వచ్చాడు.

తాతాలవ్వ చెయ్యి పట్టి అతన్ని దింపింది. "దేనికొచ్చినావు నాయినా?"

"నా బిడ్డ ఏడుపు విని వచ్చాను," అన్నాడు గృధ్రకేతుడు. వాడికి తెలిసిన నిజం అంతే. గుల్లలపాలెంలో తండ్రి అనవలసిన మాట కూడా సరిగ్గా అదే. ఆడవాళ్ళంతా మెచ్చుకోలుగా తలలూపారు.

"మనిషి ముసిలోడే గానీ మనసున్నోడు," అంది ఒకామె.

"ఇయ్యప్పా, గుంటని సేతికియ్యి. ఊరుకుంటాది," అంది తాతాలవ్వ.

మాంత్రికుడు రెండు చేతులూ చాచాడు. అప్పుడు వాడికి ఎదురుగా చీరలో ఉన్నది ఎవరో తెలిసింది. అరిందముడికి వాడెవరో ముందే తెలుసు.

కత్తి తీసి ప్రయోజనం లేదు. గృధ్రకేతుడి ప్రాణం వాడి ఒంట్లో ఉండదు, ఎక్కడో దాచి వస్తాడు. కానీ ఒక సంగతి కురువిందంలో అందరికీ తెలుసు. ఒంటి మీద ఉప్పునీటి తడి ఉన్నంతసేపూ మాంత్రికుడి మంత్రం పారదు. వాడు సముద్రం వైపు తిరిగి నిద్ర కూడా పోడు. ఇప్పుడు వాడు నిలువునా తడిసి ఉన్నాడు. ఇసుక మీద మంచు పలచబడుతోంది. పైన ఎక్కడో సూర్యుడు వెలిగించని దీపంలా తెల్లగా కనబడుతున్నాడు. వాడు ఆరితే గుల్లలపాలెంలో గుడిసె మిగలదు, గుంట మిగలదు.

గృధ్రకేతుడు వేలు చూపి పెదవులు కదిపాడు. వేలి చివర కొంచెం పొగ లేచింది. చిన్న రొయ్య ఒకటి ఇసుకలో రాలింది.

"మొగుడు గారడీ సేత్తాడేటి?" అంది అసిరి.

అరిందముడు బిడ్డను రెండో భుజానికి మార్చుకున్నాడు. తన తల్లి మహారాజుతో ఏకాంతంలో మాట్లాడే తీరు గుర్తు తెచ్చుకుని, నడుము మీద చెయ్యి పెట్టాడు.

"ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా?"

మాంత్రికుడు చుట్టూ చూశాడు. చేతుల్లో గుల్లలు కొట్టే కత్తులతో ఊరు ఊరంతా ఉంది. "బిడ్డ కోసం వచ్చాను," అన్నాడు.

"బిడ్డ పుట్టినప్పుడు ఎక్కడున్నావు? పేరు పెట్టేవేళ ఏం చేశావు? నలుగురిలో చెప్పు."

మాంత్రికుడు గడ్డంలోని నీళ్ళు పిండుకున్నాడు.

"సూసినావా, నోరు రాదు," అంది తాతాలవ్వ.

"నేనీ తీరంలో క్షణం ఉండను. నన్ను మా పుట్టింటికి తీసుకుపో. ఇప్పుడే. బిడ్డకు పేరు పెట్టాలి."

"ముందు కాస్త ఆరనీ," అన్నాడు గృధ్రకేతుడు. ఆ మాట మాత్రం మనసులోంచి వచ్చింది. "ఎండలో ఒక్క ఘడియ కూర్చుని, ఒళ్ళు ఆరాక..."

"తడిబట్టలతోనే పద."

"బాబూ," అంది తాతాలవ్వ, "పురిటి గుంటతో పెళ్ళాం పుట్టిల్లడిగితే మొగుడు ఒళ్ళారనీమంటాడేటి? మా మొగోళ్ళు ఒళ్ళారి ఎన్నాళ్ళైందో అడుగు. పైడిగా, నీ సిన్నపడవ ఇయ్యి."

"అవ్వా, నాకు నీళ్ళంటే పడదు."

"ఇంతసేపూ ఏటిమీదొచ్చినావు?"

పైడయ్య పడవ తెచ్చాడు. ఆడవాళ్ళు మాంత్రికుడిని చెరొక రెక్కా పట్టుకుని ఎక్కించారు. వాడు దిగబోతే మళ్ళీ ఎక్కించారు. అసిరి పరుగున వెళ్ళి ఆకులో చుట్టిన సొరపిట్టు తెచ్చి అరిందముడి గంపలో పెట్టి, బిడ్డ అరికాలికి మసిబొట్టు పెట్టింది. "పేరెట్టీసేక మాకు కబురంపు," అంది. అందరూ కలిసి భుజాలు ఆనించి పడవను కెరటాలకు అప్పగించారు.

బండలు దాటాక ఒడ్డు మంచులో కలిసిపోయింది. పడవలో ముగ్గురే ఉన్నారు. ముందువైపు మాంత్రికుడు, తెడ్డు వాడి ఒళ్ళో. వెనకవైపు యువరాజు, బిడ్డ అతని భుజాన. బిడ్డ ఇంకా ఏడుస్తూనే ఉంది. రాగిచెవికి ఒక బారెడు దూరంలో ఏడుస్తోంది. ప్రతి గుక్కకూ గృధ్రకేతుడి తల కొంచెం కొంచెం కుడిపక్కకు వంగుతోంది.

"దాన్ని ఊరుకోబెట్టు," అన్నాడు వాడు.

"ఊరుకోవడం లేదు."

"ఆకలేమో."

"కాదు. కోపం."

"యువరాజా, వేషం బాగా కుదిరింది."

"తెడ్డు వెయ్యి," అన్నాడు అరిందముడు. "వెనక్కు వెళితే వాళ్ళున్నారు. ఇక్కడే ఉంటే నీళ్ళున్నాయి. నువ్వు ఆరాలంటే ముందున్న దీవి ఒక్కటే గతి."

మాంత్రికుడు లెక్క చూసుకున్నాడు. దీవిలో దిగి ఒళ్ళు ఆరడానికి పట్టేసేపు చాలు, రాణినీ బిడ్డనూ ఒక్కచోటే పట్టవచ్చు. వాడు తెడ్డు వెయ్యడం మొదలుపెట్టాడు. భర్తగా వాడిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పడవ గట్టిగా పోతోంది.

అంతలో మంచు చిరిగిపోయింది. నీలం పట్టు పరిచినట్టు సముద్రం, దాని మీద కరిగిన బంగారంలా ఎండ. ఎదురుగా, దూరాన, ఎర్రటి గీతలా పగడాల దీవి. ఎగిరే చేపలు పడవకు అటూ ఇటూ ముత్యాల పందిరి వేస్తున్నాయి.

అరిందముడు పడవలోని నీళ్ళు తోడే సొరబుర్ర అందుకున్నాడు. సముద్రంలో ముంచి మాంత్రికుడి నెత్తిన పోశాడు. మళ్ళీ ముంచి మళ్ళీ పోశాడు. తలపాగా జారి పడవలో పడింది. ఒక చేత్తో బిడ్డకు జోకొడుతూ, రెండో చేత్తో శత్రువుకు తలంటుతూ, కురువింద యువరాజు దీవి వైపు చూస్తున్నాడు. గృధ్రకేతుడు తెడ్డు ఆపలేదు. కళ్ళు తుడుచుకోలేదు. నవ్వుతున్నాడు.

ఎందుకు నవ్వుతున్నాడో అరిందముడికి కొంచెం ఆలస్యంగా తెలిసింది. జుట్టు తడిగానే ఉంది, గడ్డం తడిగానే ఉంది, బట్ట కారుతూనే ఉంది. కానీ రాగి ఎండకు త్వరగా కాలుతుంది. పోసిన నీళ్ళు ఆ చెవి మీద నిలవకుండా చుయ్యిమని ఆవిరైపోతున్నాయి. మనిషంతా తడిసి ఉండగా, ఆ ఒక్క చెవి ఆరిపోయింది.

ఆరిన చెవి మొగ్గలా కదిలింది. రేకు తర్వాత రేకు విచ్చుకుని తామరాకంత అయింది, చేటంత అయింది. బిడ్డ ఏడుపు వైపు తిరిగింది. లోపల చీకటి, ఆ చీకట్లోంచి గాలి లోపలికి పీల్చుకుంటోంది. బిడ్డ మీది చీర చెంగు అటువైపు ఎగిరింది. ఏడుపు గొంతులోంచి వచ్చింది వచ్చినట్టు ఆ చెవిలోకి పోతోంది గానీ బయటికి వినబడడం లేదు. ఏడుపు వెనకాల ఊపిరి కూడా బయలుదేరింది.

అరిందముడు సొరబుర్ర పారేశాడు. బిడ్డను పైటతో గుండెకు గట్టిగా కట్టుకున్నాడు. దాని ముక్కూ నోరూ తన అరచేత్తో మూసి, పడవ ఎడమ అంచు మీద ఒక కాలు వేసి, తన బరువంతా ఆ కాలి మీదికి తెచ్చాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు గృధ్రకేతుడు, మొదటిసారి తెడ్డు ఆపి.

"ఆ చెవి కూడా తడుపుతున్నాను," అన్నాడు అరిందముడు.

పడవ అడుగు ఆకాశం చూసింది.